ముద్రపై విశ్వాసం, సుంకస్థల నిర్ణయం: భారత భూసరిహద్దుల్లో లారీ సరకుల కస్టమ్స్ అనుమతి కేంద్రాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఒక దేశం నుంచి మరొక దేశానికి లారీలో వెళ్లే సరకును కస్టమ్స్ అధికారులు ఏ చోట పరిశీలించి, సుంకం విధించి, విడుదల చేయాలన్నది పైకి చిన్న పాలనావిషయంగా కనిపిస్తుంది. కాని ఆ స్థలాన్ని భూగోళం నిర్ణయించదు, రాజ్యాల మధ్య ఉన్న నమ్మకం నిర్ణయిస్తుంది. సరకుపై వేసిన ముద్రను అవతలివారు నమ్మినప్పుడు సుంకస్థలం సరిహద్దు నుంచి లోతట్టు నగరాలకు జరిగింది. నమ్మనప్పుడు గీతను అంటిపెట్టుకుని నిలిచింది. అర్థశాస్త్రం మొదలుకొని మోటుపల్లి శాసనం, కంపెనీ కాలపు చౌకీలు, 1924, 1962 నాటి చట్టాలు, అటారీ, పెట్రాపోల్ కేంద్రాల మీదుగా ఈ పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థలం మారిన ప్రతిసారీ నిరీక్షణభారం ఎవరిమీద పడిందో కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: సుంకం, కస్టమ్స్ స్టేషన్, ముద్ర, చౌకీ, రవానా, సమీకృత తనిఖీ కేంద్రం, పెట్రాపోల్, అటారీ, గుంటూరు మిరప.

1. ఉపోద్ఘాతం

శాస్త్రగ్రంథాల్లో 'ఘట్టకుటీప్రభాతన్యాయం' అన్న లౌకికన్యాయం ఒకటి తరచుగా కనిపిస్తుంది. సుంకం ఎగవేయదలచిన వర్తకుడు రాత్రంతా అడ్డదారుల్లో బండి తోలి, దారి తప్పి, తెల్లవారేసరికి సుంకరి గుడిసె ముందే తేలాడు. ఏ దోషాన్ని తప్పించుకోవాలని వాదం మొదలుపెట్టాడో తిరిగి ఆ దోషంలోనే చిక్కిన వాదిని గురించి పండితులు ఈ న్యాయాన్ని చెబుతారు. చరిత్రకారుడికి ఇందులో మరొక సూచన దొరుకుతుంది. సుంకానికి ఒక చోటు ఉంది, ఆ చోటికి ఒక దారి ఉంది, ఆ దారి విడిచి నడిచినవాడు నేరస్థుడు. సరిహద్దు వాణిజ్యాన్ని నియంత్రించే నేటి చట్టాలన్నింటికీ ఈ మూడు అంశాలే పునాది.

కస్టమ్స్ అనుమతి కేంద్రం అనగానే దేశపు అంచున ఉండే గేటు మనసులో మెదులుతుంది. ఈ భావన సగమే నిజం. సరకు సరిహద్దు దాటే చోటు ఒకటి, కాగితాలు సమర్పించే చోటు మరొకటి, సరకు తెరచి చూసే చోటు ఇంకొకటి కావచ్చు. సుంకం విధించే అధికారి వీటన్నిటికీ దూరంగా వేరొక నగరంలో ఉండవచ్చు. ఈ నాలుగూ ఒకేచోట కలిసినప్పుడు అక్కడ లారీల బారు ఏర్పడుతుంది. అవి విడివడినప్పుడు లారీ ముందుకు కదులుతుంది. అవి విడివడడానికి అవసరమైన పరిస్థితులేవి, ఏ పరిస్థితుల్లో తిరిగి కలిసిపోయాయి అన్నవి ఈ వ్యాసం చర్చించే ప్రధాన ప్రశ్నలు.

2. ప్రాచీన, మధ్యయుగాల సుంకస్థలాలు

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని శుల్కాధ్యక్ష ప్రకరణం ఈ చర్చకు తొలి ఆధారం. శుల్కశాలను సరిహద్దులో కాక నగర మహాద్వారం సమీపంలో, ధ్వజంతో సహా నెలకొల్పాలని ఆ గ్రంథం విధిస్తుంది. వచ్చిన వర్తకులెవరు, ఎక్కడివారు, ఎంత సరకు తెచ్చారు, దానికి ముద్ర ఎక్కడ పడింది అన్న వివరాలను అక్కడి ఉద్యోగులు రాసుకోవాలి. రాజ్యపు అంచున ఉండే అంతపాలుడి పని వేరు. అతడు బండికి ఇంత అని దారిపన్ను తీసుకుంటాడు. పరదేశపు బిడారు తెచ్చిన సరకులో మేలురకమేదో నాసిరకమేదో పరిశీలించి, గుర్తుపత్రమూ ముద్రా ఇచ్చి, శుల్కాధ్యక్షుడి వద్దకు పంపుతాడు. అంటే సరిహద్దులో జరిగేది గుర్తింపు, లోపల జరిగేది సుంకనిర్ణయం. ఈ రెండింటినీ కలిపేది ముద్ర. అది చెదరకుండా నగరద్వారం చేరితే సరకు దారిలో మారలేదని అర్థం. లోతట్టు కస్టమ్స్ విడుదల అని నేడు చెప్పుకునే పద్ధతిలోని మూలసూత్రం ఇదే.

తెలుగునేలపై ఇదే సమస్యకు సముద్రతీరంలో లభించిన సమాధానం మోటుపల్లి అభయశాసనం. కాకతి గణపతిదేవుడు శకవర్షం 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, వేయించిన ఈ శాసనం సముద్రవర్తకులకు అభయమిస్తుంది. తుఫానుకు దారితప్పి ఒక రేవుకు బయలుదేరి మరొక తీరం చేరిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను మాత్రం నిర్ణీత శుల్కం తప్ప మరేమీ తీసుకోనని రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టునూలు, మిరియాలు వంటి సరకులకు విడివిడిగా రేట్లు చెక్కించాడు. చేరవలసిన చోటికి చేరకపోవడమే పూర్వం సర్వస్వాపహరణకు కారణమయ్యేదన్న సంగతి ఇక్కడ గమనార్హం. స్థలం తప్పడం నేరం కాదనీ, రేటు ముందే తెలుస్తుందనీ చెప్పిన తరువాతే అభయం అన్న మాటకు అర్థం ఏర్పడింది. అర్థశాస్త్రం వర్తకుణ్ణి నమ్మడానికి రాజ్యానికి ఒక సాధనాన్ని ఇచ్చింది. మోటుపల్లి శాసనం రాజ్యాన్ని నమ్మడానికి వర్తకుడికి ఒక హామీని ఇచ్చింది. సుంకస్థలం సక్రమంగా పనిచేయడానికి రెండూ కావాలి.

3. రవానా, చౌకీ, కంచె

ఈస్టిండియా కంపెనీ పాలనలో దేశం లోపలి దారులన్నిటిమీదా సుంకపు చౌకీలు ఉండేవి. దక్షిణాదిన ఈ అంతర్గత సుంకాలు సాయరు పద్దులో చేరేవి. బెంగాల్ ప్రెసిడెన్సీలో వర్తకుడు కస్టమ్స్ హౌస్‌లో సుంకం చెల్లించి 'రవానా' అనే అనుమతిపత్రం పొందేవాడు. దారిలోని చౌకీ ఉద్యోగులు ఆ పత్రాన్ని సరకుతో సరిచూసి వదలాలి. నేడు తెలుగులో సరకు తరలింపునకు వాడే 'రవానా' అన్న పారశీ మూలపు మాటే ఆనాటి ఆ పత్రం పేరు.

సిద్ధాంతరీత్యా ఇది అర్థశాస్త్రపు పద్ధతికి దగ్గరగా ఉంది. సుంకం ఒకచోట, సరిచూపు మరొకచోట. ఆచరణలో ప్రతి చౌకీ మరొక సుంకస్థలంగా మారింది. పత్రంలో రాసిన తూకానికీ బండిలోని తూకానికీ తేడా ఉందన్న సాకు చాలు, బండి నిలిచిపోవడానికి. జీతం తక్కువగా ఉన్న చౌకీ ఉద్యోగికి ఆ నిలుపుదలే ఆదాయమార్గం. 'సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు' అన్న తెలుగు సామెత ఇటువంటి అనుభవాల నుంచే పుట్టి ఉండాలి. ఛార్లెస్ ట్రెవెల్యన్ 1834లో బెంగాల్ అంతర్గత సుంకాలపై సమర్పించిన నివేదిక, ఈ వ్యవస్థ ఖజానాకు తెచ్చే రాబడి కంటే వాణిజ్యానికి చేసే చేటు ఎక్కువని వాదించింది. ఆ తరువాత బెంగాల్‌లో 1836లోను, బొంబాయిలో 1838లోను, మద్రాసు ప్రెసిడెన్సీలో 1844లోను అంతర్గత సుంకాలు రద్దయ్యాయి. నాటి ఆంధ్రజిల్లాల బండ్లకు దారిమధ్య చౌకీల బెడద చట్టరీత్యా తీరింది ఈ 1844 నిర్ణయంతోనే.

ఉప్పు విషయంలో మాత్రం కథ మరోలా నడిచింది. ఉప్పుపన్ను రేట్లు ప్రాంతానికొక తీరుగా ఉండడంతో, తక్కువ పన్ను ప్రాంతాల ఉప్పు ఎక్కువ పన్ను ప్రాంతాలకు చేరకుండా బ్రిటిష్ ప్రభుత్వం దేశం నడుమ ఒక కస్టమ్స్ రేఖను నిర్మించింది. 1869 నాటికి ఆ రేఖ సింధునది నుంచి మహానది వరకు సుమారు 2,300 మైళ్లు సాగింది. దాదాపు 12,000 మంది సిబ్బంది దానిని కాపలా కాశారు. చాలాచోట్ల ముళ్లపొదల కంచే దానికి గోడ. 1879లో అది రద్దయింది. ఉప్పు పుట్టే చోటనే, సాంభర్ సరస్సు వంటి ఉత్పత్తిస్థలాల్లోనే, పన్ను వసూలు చేసే ఏర్పాటు కుదిరిన తరువాత అన్ని మైళ్ల కాపలాకు పని లేకపోయింది. కాపలాను పెంచడం వల్ల కాక, సుంకస్థలాన్ని మార్చడం వల్ల సమస్య తీరిన ఉదాహరణ ఇది.

4. 'మాత్రమే' అన్న పదం: 1924, 1962 చట్టాలు

సముద్రవాణిజ్యానికి 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టం ఆధారంగా ఉండేది. భూమార్గానికి అటువంటి సమగ్రచట్టం 1924లో వచ్చింది. విదేశీభూభాగంతో ఉన్న సరిహద్దును దాటే సరకులకు భూమార్గ కస్టమ్స్ స్టేషన్లను, వాటికి చేరే దారులను నిర్దేశించే అధికారాన్ని ఈ చట్టం ఇచ్చింది. ఆనాటి 'విదేశీభూభాగం' అన్న భావనలో ఉపఖండం లోపలి ఫ్రెంచి, పోర్చుగీసు స్థావరాలకు ముఖ్యస్థానం ఉంది. గోదావరి డెల్టాలో చుట్టూ బ్రిటిష్ జిల్లా, నడుమ ఫ్రెంచి యానాం ఉన్న కాలంలో విదేశీ సరిహద్దు అంటే తెలుగువారికి హిమాలయాలో కైబరు కనుమో కానక్కరలేదు, పొరుగూరి పొలిమేర కూడా కావచ్చు.

స్వాతంత్ర్యానంతరం 1962 నాటి కస్టమ్స్ చట్టం ఈ పాతచట్టాలను రద్దుచేసి ఒక్కటిగా కూర్చింది. 1963 ఫిబ్రవరి 1న అది అమలులోకి వచ్చింది. ఈ వ్యాసానికి దానిలోని 7వ సెక్షన్ కీలకం. ఏ స్థలాలు మాత్రమే భూమార్గ కస్టమ్స్ స్టేషన్లుగా ఉంటాయో, ఏ దారులగుండా మాత్రమే సరకులు వాటికి రావచ్చో, పోవచ్చో నోటిఫికేషన్ ద్వారా ప్రకటించాలని ఆ సెక్షన్ చెబుతుంది. రెండుచోట్లా 'మాత్రమే' అన్న పరిమితి ఉంది. 8వ సెక్షన్ స్టేషన్ లోపలి కస్టమ్స్ ప్రాంతపు హద్దులను నిర్ణయించే అధికారాన్ని ఇస్తుంది. 111వ సెక్షన్ నిర్దేశిత దారి తప్పి వచ్చిన సరకును జప్తుకు గురిచేస్తుంది. 1994 నవంబరు 21 నాటి 63/94 నోటిఫికేషన్ దేశంలోని భూమార్గ కస్టమ్స్ స్టేషన్లను, వాటి దారులను పట్టికగా ప్రకటించింది.

ఈ నిర్మాణంలో లారీ సరకు ప్రయాణం ఇలా సాగుతుంది. దిగుమతి అయితే, వాహనం స్టేషన్ చేరిన పన్నెండు గంటల్లోగా వాహన బాధ్యుడు దిగుమతి నివేదిక ఇవ్వాలి. దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేస్తాడు. సుంకం నిర్ణయమై, చెల్లింపు జరిగి, నిషేధమేదీ లేదని అధికారి తృప్తిపడిన తరువాత విడుదల ఉత్తర్వు వస్తుంది. ఎగుమతి అయితే, ఓడకూ విమానానికీ షిప్పింగ్ బిల్లు దాఖలైనట్లు భూమార్గానికి బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ దాఖలవుతుంది. విడుదలయ్యే వరకు సరకు కస్టమ్స్ ఆమోదించిన సంరక్షకుడి అధీనంలో ఉంటుంది. సరకు విషయంలో చట్టం సూక్ష్మంగా మాట్లాడింది. ఆ సరకు తెచ్చిన లారీ స్టేషన్ వెలుపల ఎంతకాలం ఆగాలన్న విషయంలో మౌనం వహించింది. తరువాతి అధ్యాయమంతా ఆ మౌనం చుట్టూ నడిచింది.

5. గీత ముందు, స్థలం తరువాత: విభజనానంతర సరిహద్దులు

1947 ఆగస్టు 17న రాడ్‌క్లిఫ్ గీత వెల్లడైంది. అప్పటివరకు జెస్సోర్ జిల్లాలో భాగమైన బనగావ్ ప్రాంతం భారతదేశానికి వచ్చింది. జెస్సోర్ పట్టణం తూర్పు పాకిస్తాన్‌కు పోయింది. కలకత్తా, జెస్సోర్ పట్టణాలను కలిపే పాతరోడ్డు నడుమ పెట్రాపోల్ ఇటు, బేనాపోల్ అటు అయ్యాయి. గీత ఏర్పడిన రోజునే సుంకస్థలం ఏర్పడలేదు. రెండు దేశాలు కొన్ని నెలలు యథాతథస్థితి ఒప్పందంతో గడిపాయి. 1948 మార్చి 1 నుంచి భారతదేశం కస్టమ్స్ విషయంలో పాకిస్తాన్‌ను విదేశీభూభాగంగా పరిగణించింది. నిన్నటిదాకా సంతకు పోయే బండి ఆనాటి నుంచి ఎగుమతి వాహనమైంది.

పశ్చిమాన అమృత్‌సర్, లాహోర్ రోడ్డుమీది అటారీ, వాఘా కూడలి ఈ పరిణామానికి మరింత కఠినమైన రూపం. అక్కడ దశాబ్దాల తరబడి లారీ గీత దాటలేదు. ఇటు కూలీలు మూటలు తలకెత్తుకుని గీత వరకు మోసేవారు. అటు కూలీలు వచ్చి వాటిని తమ తలలకు మార్చుకునేవారు. రెండు వైపులవారికీ వేర్వేరు రంగుల దుస్తులు. రెండు రాజ్యాలు ఒకరి వాహనాన్ని మరొకరు నమ్మని స్థితిలో, కూలీ తల మాత్రమే ఉభయులకూ ఆమోదయోగ్యమైన వాహనమైంది. 2007 అక్టోబరు 1న తొలిసారిగా లారీలు గీత దాటి అవతలి కస్టమ్స్ ప్రాంతం వరకు వెళ్లి, సరకు దించి, తిరిగి రావడానికి అనుమతి లభించింది. అదే సమయంలో తలమోతపై బతికే కుటుంబాల జీవనోపాధి ప్రశ్నార్థకమైంది. సుంకస్థలం కొద్ది గజాలు జరిగినా ఎవరో ఒకరి జీవితం దానితోపాటు జరుగుతుంది.

జమ్మూకశ్మీర్‌లో నియంత్రణరేఖ మీది వాణిజ్యం ఈ సూత్రానికి విలక్షణమైన ఉదాహరణ. 2008 అక్టోబరులో సలామాబాద్, చకన్‌దాబాగ్ కేంద్రాల ద్వారా లారీలు మొదలయ్యాయి. అక్కడ సాయుధ కాపలా ఉంది, తనిఖీ ఉంది, ఆమోదిత సరకుల జాబితా ఉంది. కస్టమ్స్ సుంకం మాత్రం లేదు. ఆ రేఖను భారతదేశం అంతర్జాతీయ సరిహద్దుగా గుర్తించదు కనుక దానిపై కస్టమ్స్ సుంకం విధించడం తన వాదానికే విరుద్ధమవుతుంది. డబ్బు చెల్లింపులకు బదులు వస్తుమార్పిడి పద్ధతి అనుసరించారు. 2019 ఏప్రిల్‌లో ఈ వాణిజ్యం నిలిచిపోయింది. ఒక గేటు కస్టమ్స్ స్టేషన్ అవునా కాదా అన్నది అక్కడ జరిగే తనిఖీని బట్టి కాక, ఆ నేలపై రాజ్యం చేసే ప్రకటనను బట్టి తేలుతుందని దీనివల్ల స్పష్టమవుతుంది.

6. సమీకృత తనిఖీ కేంద్రం, గుంటూరు మిరప లారీ

పాత స్టేషన్లలో కస్టమ్స్, వలస తనిఖీ, మొక్కల ఆరోగ్య పరీక్ష, భద్రతాదళం, గిడ్డంగి, పార్కింగ్ వేర్వేరు చోట్ల, వేర్వేరు శాఖల కింద ఉండేవి. వీటన్నిటినీ ఒకే ప్రాంగణంలోకి తేవడానికి 2010లో భారత భూరేవుల ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 2012లో ఆ సంస్థ ఏర్పడింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో అటారీలో తొలి సమీకృత తనిఖీ కేంద్రం ప్రారంభమైంది. 2013లో అగర్తలా, 2016లో పెట్రాపోల్, రక్సౌల్, జోగ్‌బనీ కేంద్రాలు వచ్చాయి. బంగ్లాదేశ్ తన భూరేవుల సంస్థకు 2001లోనే చట్టం చేసుకుంది. బేనాపోల్ ఆ సంస్థ అధీనంలోని ప్రధాన రేవు.

ఆంధ్రప్రాంతానికి ఈ కేంద్రాలతో ఉన్న సంబంధం దూరపుది కాదు. గుంటూరు ఎండుమిరపకు బంగ్లాదేశ్ ముఖ్యమైన విపణి. మిరప బస్తాలతో గుంటూరు వదిలిన లారీ 16వ నంబరు జాతీయరహదారిమీద విశాఖపట్నం, భువనేశ్వర్ దాటి, కలకత్తా చేరువకు వచ్చి, పాత జెస్సోర్ రోడ్డుమీదుగా బనగావ్ చేరుతుంది. ఈలోగా కస్టమ్స్ బ్రోకరు బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ దాఖలు చేసి ఉంటాడు. వ్యవసాయోత్పత్తి కనుక మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం జతకావాలి. కాగితాలు సిద్ధమైనంత మాత్రాన లారీకి లోపలికి ప్రవేశం దొరకదు. బనగావ్ పరిసరాల్లోని పార్కింగ్ స్థలాల్లో వరుస వచ్చే వరకు ఆగాలి. వరుస వచ్చాక తూకం, పరిశీలన, ఎగుమతి అనుమతి. తరువాత డ్రైవరుకు కార్‌పాస్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. దానితో అతడు గీత దాటి బేనాపోల్ ప్రాంగణం వరకు వెళ్లవచ్చు, అంతకుమించి పోకూడదు. అక్కడ బస్తాలు దించి, లేదా బంగ్లాదేశ్ లారీలోకి మార్చి, చాలాసార్లు ఖాళీబండితో వెనుదిరగాలి. బంగ్లాదేశ్ కస్టమ్స్ అధికారులు తమ సొంత కాగితాలతో, తమ కంప్యూటర్ వ్యవస్థలో, అదే సరకును మళ్లీ మొదటినుంచి పరిశీలిస్తారు.

ఇక్కడ ఒకే సరకుకు కొద్ది వందల గజాల దూరంలో రెండు సుంకస్థలాలు ఉన్నాయి. ఒకదానిలో జరిగిన పరిశీలన మరొకదానికి సాక్ష్యం కాదు. ఒక ప్రాంగణంలోని అన్ని శాఖలను కలపడం ఆ ప్రాంగణం లోపలి ఆలస్యాన్ని తగ్గించగలదు. రెండు ప్రాంగణాల మధ్య ఉన్న అపనమ్మకాన్ని తొలగించలేదు. అవతలి రేవు దించుకోగలిగిన లారీల సంఖ్యే ఇవతలి వరుస పొడవును నిర్ణయిస్తుంది. ఇవతల ఎంత విశాలమైన ప్రాంగణం కట్టినా వరుస లోపలి నుంచి బయటికి, బయటినుంచి బనగావ్ వీధుల్లోకి జరుగుతుందే తప్ప మాయం కాదు. పశ్చిమబెంగాల్ ప్రభుత్వం 2022లో ప్రవేశపెట్టిన 'సువిధా' ఆన్‌లైన్ సమయ నమోదు పద్ధతి ఈ వరుసకు ఒక క్రమం తేవడానికి చేసిన ప్రయత్నం.

ఈ నిరీక్షణకు లారీల భాషలో 'హాల్టింగ్' అని పేరు. దాని ఖర్చు ఒప్పందాన్ని బట్టి ఎగుమతిదారు మీదనో, లారీ యజమాని మీదనో పడుతుంది. చివరకు మిరప ధరలో కలిసి, ఒకవైపు రైతుకు దక్కే మొత్తాన్ని తగ్గించి, మరొకవైపు కొనుగోలుదారు చెల్లించే మొత్తాన్ని పెంచుతుంది. డ్రైవరు గడిపే రోజులు మాత్రం ఏ పద్దులోనూ పూర్తిగా నమోదు కావు.

7. లోతట్టుకు జరిగిన సుంకస్థలం

దీనికి భిన్నమైన ధోరణి సముద్రవాణిజ్యంలో కంటైనర్ రాకతో మొదలైంది. కంటైనర్ ఒక కదిలే ముద్రితపేటిక. తలుపుమీది సీలు చెదరకపోతే లోపలి సరకు మారలేదని ఓడవారు, రైలువారు, కస్టమ్స్‌వారు అంగీకరిస్తారు. 1981లో బెంగళూరులో రైల్వేశాఖ తొలి లోతట్టు కంటైనర్ డిపోను ప్రారంభించింది. 1988లో కంటైనర్ కార్పొరేషన్ ఏర్పడేనాటికి రైల్వే నెలకొల్పిన ఇటువంటి డిపోల్లో గుంటూరు, అనపర్తి కూడా ఉన్నాయి. 1983లో కస్టమ్స్ చట్టం 7వ సెక్షన్‌ను సవరించి లోతట్టు కంటైనర్ డిపోలకు చట్టంలో స్థానం కల్పించారు. దీంతో సముద్రం లేని ఊళ్లో సముద్రరేవు పనులు జరగడానికి చట్టబద్ధత ఏర్పడింది.

భూసరిహద్దుల విషయంలో నేపాల్ మార్గం ఈ ధోరణికి దగ్గరగా నడిచింది. సముద్రతీరం లేని నేపాల్‌కు కలకత్తా రేవు ప్రధానద్వారం. 2016లో విశాఖపట్నం నుంచి రైలుమార్గానికి కూడా రెండు దేశాలు అంగీకరించాయి. నేపాల్‌కు పోయే కంటైనర్లు భారతభూభాగంలో సీలుతో ప్రయాణిస్తాయి. అసలు సుంకం నేపాల్ వైపు బీర్‌గంజ్ వంటి కేంద్రాల్లో తేలుతుంది. ఇటీవలి కాలంలో ఎలక్ట్రానిక్ సీలు ద్వారా కంటైనర్ ఎక్కడ ఉన్నదీ, తలుపు తెరుచుకున్నదీ లేనిదీ దూరం నుంచే కనిపెట్టే పద్ధతి వచ్చింది. అంతపాలుడు వేసిన ముద్రకూ దీనికీ మధ్య సాధనంలో తేడా ఉంది, సూత్రంలో లేదు.

ఈ సూత్రాన్ని లారీలకు అంతర్జాతీయస్థాయిలో వర్తింపజేసినది టి.ఐ.ఆర్. ఒప్పందం. 1975 నాటి ఈ ఒప్పందంలో భారతదేశం 2017 జూన్‌లో చేరింది. ఆ ఏడాది డిసెంబరులో అది భారతదేశానికి అమలులోకి వచ్చింది. బయలుదేరే చోట కస్టమ్స్ అధికారి లారీకి సీలు వేస్తాడు. కార్నెట్ అనే పత్రం వెంట ఉంటుంది. దారిలోని సరిహద్దుల్లో సీలును, కార్నెట్‌ను చూసి వదులుతారు. గమ్యస్థానపు కస్టమ్స్ కేంద్రంలో సరకు తెరిచి సుంకం విధిస్తారు. దారిలో సరకు మాయమైతే సుంకానికి హామీదారు బాధ్యత వహిస్తాడు. ముద్రకు తోడు ధనహామీ చేరడం ఇందులో విశేషం. అయితే ఒప్పందంలో చేరడం ఒక ఎత్తు, పొరుగుదేశాలు కూడా చేరి లారీని లోపలికి రానివ్వడం మరొక ఎత్తు. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ దేశాలు 2015 జూన్‌లో థింపూలో సంతకం చేసిన మోటారు వాహనాల ఒప్పందం, భూటాన్ ఎగువసభ ఆమోదం దొరకక, నాలుగు దేశాల ఒప్పందంగా ముందుకు సాగలేదు.

కాగితాల విషయంలో స్థలభావన ఇంకా వేగంగా మారింది. 2020 జూన్‌లో బెంగళూరు, చెన్నైలలో మొదలై అదే సంవత్సరం అక్టోబరు చివరికి దేశమంతటికీ విస్తరించిన ముఖరహిత సుంకనిర్ధారణ పద్ధతిలో, సరకు ఒక నగరంలో ఉండగా దాని బిల్ ఆఫ్ ఎంట్రీని పరిశీలించే అధికారి మరొక నగరంలో ఉండవచ్చు. సుంకరికీ వర్తకుడికీ ముఖాముఖి లేకపోవడం ఇందులో ఉద్దేశపూర్వకమైన ఏర్పాటు. కాగితం గీతను విడిచి దేశమంతా తిరుగుతున్న కాలంలోనే, పెట్రాపోల్ లారీ మాత్రం గీత దగ్గరే నిలిచి ఉంది.

8. 2020: వ్యవస్థకు వచ్చిన పరీక్ష

కోవిడ్ కాలం ఈ వ్యవస్థ స్వభావాన్ని బయటపెట్టింది. 2020 మార్చిలో పెట్రాపోల్ ద్వారా లారీల రాకపోకలు నిలిచిపోయాయి. ఏప్రిల్ చివర కొద్దిరోజులు గీత వద్దనే ఒక లారీనుంచి మరొక లారీకి సరకు మార్చే ప్రయత్నం జరిగింది. స్థానికుల ఆందోళనతో అదీ ఆగింది. జూన్‌లో వాణిజ్యం తిరిగి మొదలైంది. అవతలికి వెళ్లి వచ్చిన డ్రైవరు వ్యాధిని మోసుకొస్తాడన్న భయం, అటారీ కూలీల కాలంనాటి పద్ధతిని కొద్దిరోజులపాటు తిరిగి తెచ్చింది. నమ్మకం సన్నగిల్లిన వెంటనే సుంకస్థలం మళ్లీ గీతమీదికే వచ్చి నిలిచింది.

అదే వేసవిలో గుంటూరు మిరప మరొక దారి వెదుక్కుంది. రోడ్డు మూసుకుపోగా, జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం స్టేషన్ నుంచి 16 పార్సిల్ వ్యాగన్లతో 384 టన్నుల ఎండుమిరప బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక రైలులో వెళ్లింది. పార్సిల్ రైలు దేశం సరిహద్దు దాటడం అదే తొలిసారి. రోడ్డుమార్గంలో టన్నుకు సుమారు 7,000 రూపాయలు అయ్యే ఖర్చు రైలులో 4,600 రూపాయల పైచిలుకుకు తగ్గిందని రైల్వేశాఖ ప్రకటించింది. గూడ్సురైలుకు అవసరమైనంత భారీ పరిమాణం చిన్న వర్తకులవద్ద ఉండదు. పార్సిల్ రైలు ఆ లోటును తీర్చింది. వ్యాగన్లు బనగావ్ పార్కింగ్ వరుసలో నిలబడవలసిన అవసరం లేదు. ప్రయాణసాధనం మారినందువల్ల నిరీక్షణస్థలం తప్పిపోయింది. ఖర్చులోని తేడాను దూరంతో పాటు ఈ కోణంలోనూ చదవవలసి ఉంటుంది.

పశ్చిమసరిహద్దు దీనికి విపర్యయం. 2019 ఫిబ్రవరిలో భారతదేశం పాకిస్తాన్ సరకులపై సుంకాన్ని 200 శాతానికి పెంచింది. ఆగస్టులో పాకిస్తాన్ ద్వైపాక్షిక వాణిజ్యాన్ని నిలిపివేసింది. 2025 ఏప్రిల్‌లో అటారీ కేంద్రం మూతపడింది. దేశంలో తొలి సమీకృత కేంద్రంగా నిర్మించిన విశాలమైన గోదాములు, లారీ దారులు ఉన్నచోటే ఉన్నాయి. వాటిని సుంకస్థలంగా నిలిపిన సంబంధం లేకపోయింది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, సుంకస్థలం సరిహద్దుతో పాటు సహజంగా పుట్టేది కాదు. 1948లో గీత తరువాత నెలలకు స్థలం వచ్చింది. కశ్మీర్‌లో తనిఖీ ఉన్నా స్థలం రాలేదు. బెంగళూరులో సరిహద్దు లేకున్నా స్థలం వచ్చింది. రెండవది, ఆ స్థలాన్ని లోతట్టుకు జరిపే శక్తి ముద్రకు ఉంది. అర్థశాస్త్రపు ముద్ర, కంపెనీ రవానా, కంటైనర్ సీలు, టి.ఐ.ఆర్. కార్నెట్ ఒకే వంశానికి చెందినవి. వీటిలో రవానా విఫలం కావడానికి కారణం పత్రంలో లోపం కాదు, ఆ పత్రాన్ని ప్రతి చౌకీ తిరిగి ప్రశ్నించగలగడం. పెట్రాపోల్, బేనాపోల్ మధ్య నేడు జరుగుతున్న రెండుసార్ల పరిశీలన ఆ చౌకీల వారసత్వాన్నే గుర్తుచేస్తుంది.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. సుంకస్థలాల చరిత్రను సాధారణంగా రాబడి చరిత్రగానో, దొంగరవాణా చరిత్రగానో రాస్తారు. సరకు ఎంత దాటింది, సుంకం ఎంత వచ్చింది అన్న లెక్కలు ప్రభుత్వపత్రాల్లో దొరుకుతాయి. స్థలం వెలుపల ఆగిన కాలానికి అటువంటి పత్రం లేదు. అటారీ కూలీ తలమోత, గుంటూరు డ్రైవరు హాల్టింగ్ రోజులు ఆ లెక్కకు అందని భాగాలు. ప్రాంతీయ వాణిజ్యచరిత్రపై జరిగే పరిశోధన లారీ యజమానుల ఖాతాపుస్తకాలను, డ్రైవర్ల మౌఖికకథనాలను, మిరపయార్డు వర్తకుల ఉత్తరప్రత్యుత్తరాలను ఆధారాలుగా స్వీకరిస్తే ఈ లోటు కొంత తీరుతుంది. ఏడున్నర శతాబ్దాలకు పైగా కిందట మోటుపల్లిలో రాజు ఇచ్చిన అభయానికి సారాంశం, దారి తప్పిన వర్తకుడు సర్వం కోల్పోనక్కరలేదనడం. సరైన దారిలోనే వచ్చి, కాగితాలన్నీ చేతపట్టుకుని, గేటు బయట రోజులు లెక్కపెట్టే లారీ డ్రైవరుకు అటువంటి అభయం ఏ చట్టంలోనూ ఇంకా రాలేదు.